బొబ్బిలి ప్రాంతంలో ఆహార కల్తీ చట్టాల తొలి అమలు

అమెరికాలో 1906 నాటి చట్టం కింద తప్పుడు చీటీ అంటించిన బీరు సీసాలు సైతం కోర్టుకెక్కగా, మద్రాసు ప్రెసిడెన్సీలో 1918లోనే కల్తీ నిరోధక చట్టం వచ్చినా, 1948 నాటికి మద్యనిషేధం రాష్ట్రమంతటా అమలైనందున, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని బొబ్బిలిలో బీరు బాహాటంగా అమ్మే సరుకు కాకుండా పోయింది. కాబట్టి అక్కడ చట్టానికి చిక్కవలసినవి పాలు, నెయ్యి, నూనెలే. 1955 జూన్ 1న అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం కల్తీతో పాటు 'తప్పుడు ముద్ర'ను, అంటే సరుకు పేరు, నాణ్యత, తయారైన చోటు గురించి కొనేవారిని మోసగించే చీటీని కూడా నేరంగా ఎంచింది. ఇన్‌స్పెక్టరు వెల చెల్లించి నమూనా కొని, సాక్షి ఎదుట మూడు భాగాలు చేసి సీలు వేసి, ఒకటి వర్తకుడికి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకుడికి ఇచ్చి, మూడవది తనవద్ద ఉంచుకొనేవాడు. నెయ్యి పేరిట అమ్మిన డాల్డా వనస్పతి గుట్టు రట్టు చేసే ఉపాయం మాత్రం చట్టంలోకన్నా వంటనూనెలోనే ఉంది: వనస్పతిలో విధిగా కలపవలసిన 5 శాతం నువ్వుల నూనె కారణంగా, కల్తీ నేతికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్ చేర్చి కుదిపితే అడుగున గులాబీ రంగు కనిపిస్తుంది.