కీటకనాశక శిలీంధ్రాలు

కీటకాల ఒంటిమీద మొలిచి, లోపలికి చొచ్చుకుపోయి వాటిని చంపే బూజు జాతులను కీటకనాశక శిలీంధ్రాలు అంటారు. పంటలను పాడుచేసే పురుగులను వీటితో అదుపు చేయడం జీవ నియంత్రణలో ఒక ముఖ్య విభాగం. ఇలా కీటకాలకు రోగం తెచ్చే శిలీంధ్రాలు ఏడువందలకు పైగా ఉన్నాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. సేద్యంలో విరివిగా వాడుతున్నవి మాత్రం కొన్నే. తెలుగు రైతులకు ఇవి బవేరియా, మెటారైజియం, వర్టిసిల్లియం అనే పేర్లతో పరిచయం. రసాయన మందుల్లా తగలగానే చంపే విషాలు కావివి, ప్రాణమున్న జీవులు. తేమ, చల్లదనం, కొంత వ్యవధి ఉంటేనే పనిచేస్తాయి. వీటి వల్ల కలిగే మేలుకైనా, పొలంలో ఎదురయ్యే వైఫల్యాలకైనా మూలం ఈ లక్షణమే.

చరిత్ర

ఈ శిలీంధ్రాల అధ్యయనం పట్టుపురుగుతో మొదలైంది. 19వ శతాబ్దం ఆరంభంలో ఇటలీలో పట్టుపురుగుల పెంపకాన్ని ఒక రోగం కుదిపేసింది. చచ్చిన పురుగులు గట్టిపడి, సున్నం పూసినట్టు తెల్లబడేవి. లోదీ ప్రాంతానికి చెందిన అగస్టీనో బస్సీ ఏళ్ల తరబడి ఆ రోగాన్ని పరిశీలించారు. దానికి కారణం ఒక సూక్ష్మ శిలీంధ్రమనీ, అది పురుగు నుంచి పురుగుకు అంటుకుంటుందనీ 1835లో ప్రకటించారు. సూక్ష్మజీవి వల్ల జంతువుకు రోగం వస్తుందని ప్రయోగం ద్వారా చూపిన తొలి రుజువుల్లో ఇదొకటి. పాశ్చర్, కోక్‌ల కృషికి ఇది కొన్ని దశాబ్దాల ముందటిది. ఆ శిలీంధ్రానికి బస్సీ పేరే పెట్టారు. నేడు దాన్ని బవేరియా బస్సియానా అంటున్నారు.

రోగకారకాన్ని ఆయుధంగా మలచవచ్చన్న ఆలోచనను ఆచరణకు దగ్గర చేసినవారిలో రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ముఖ్యులు. 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమను నాశనం చేస్తున్న పెంకు పురుగుల మీద ఆయన ఒక ఆకుపచ్చ బూజును గుర్తించారు. దాన్ని కృత్రిమంగా పెంచి పొలాల్లో వెదజల్లవచ్చని సూచించారు. అదే నేటి మెటారైజియం. 1880ల్లో ఉక్రెయిన్‌లోని స్మేలాలో దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసి, చక్కెర దుంప పంటను తినే ముక్కుపురుగుల మీద ప్రయోగించారు. మెచ్నికోవ్‌కు 1908లో రోగనిరోధక శక్తిపై చేసిన పరిశోధనలకు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వంటి రసాయనాల రాకతో ఈ పరిశోధన వెనకబడింది. పురుగులు మందులకు తట్టుకోవడం మొదలయ్యాక, పక్షులకూ నీటి వనరులకూ వాటిల్లిన నష్టం బయటపడ్డాక మళ్లీ వీటివైపు చూపు మళ్లింది. 1960ల నుంచి ప్రపంచవ్యాప్తంగా తయారైన శిలీంధ్ర ఉత్పత్తులను 2007లో లెక్కిస్తే 171 తేలాయి. వాటిలో బవేరియా బస్సియానాది మూడో వంతు, మెటారైజియం అనైసోప్లియేది మరో మూడో వంతు.

పురుగును చంపే తీరు

బాక్టీరియా, వైరస్ ఆధారిత మందులు సాధారణంగా పురుగు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తాయి. శిలీంధ్రానికి ఆ అవసరం లేదు, అది చర్మం గుండానే లోపలికి పోతుంది. ఆకు కొరకకుండా రసం పీల్చే తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి వంటి వాటి మీద ఇది పనికివచ్చేది అందుకే.

శిలీంధ్రానికి విత్తనం లాంటి సిద్ధబీజం పురుగు ఒంటికి అంటుకుంటుంది. చుట్టూ తగినంత తేమ ఉంటే సుమారు ఒక రోజులోపు మొలకెత్తుతుంది. మొలక కొన ఉబ్బి చర్మానికి గట్టిగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి చర్మంలోని మాంసకృత్తులను, కొవ్వును, కైటిన్ అనే గట్టి పదార్థాన్ని కరిగించే ఎంజైములను విడుదల చేస్తూ, ఒత్తిడితో చర్మాన్ని చీల్చుకుని దిగుతుంది. లోపల పురుగు రక్తంలో చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి వృద్ధి చెందుతుంది, పోషకాలను లాగేసుకుంటుంది. మెటారైజియం విడుదల చేసే డిస్ట్రక్సిన్లు, బవేరియా ఉత్పత్తి చేసే బవేరిసిన్ వంటి విష పదార్థాలు పురుగును మరింత బలహీనపరుస్తాయి. పురుగు తిండి మానేస్తుంది, కదలిక మందగిస్తుంది, సాధారణంగా నాలుగు నుంచి పది రోజుల్లో చనిపోతుంది.

చచ్చాక గాలిలో తేమ ఉంటే శిలీంధ్రం కీళ్ల సందుల నుంచి మళ్లీ బయటికి వచ్చి కళేబరాన్ని కప్పేస్తుంది. బవేరియా సోకితే తెల్లని పొడి, మెటారైజియం సోకితే ముదురు ఆకుపచ్చ పొడి కనిపిస్తాయి. ఆ పొడి నిండా సిద్ధబీజాలే. గాలికీ వాన చినుకులకూ చెదిరి అవి ఇతర పురుగులకు అంటుకుంటాయి.

ముఖ్య జాతులు

బవేరియా బస్సియానా: శనగపచ్చ పురుగు, వరిలో సుడిదోమ, కాయతొలిచే పురుగులు, కాఫీ కాయ తొలిచే పురుగు వంటి అనేక పురుగుల మీద వాడతారు.

మెటారైజియం అనైసోప్లియే: నేలలో ఉండే వేరు పురుగులు, చెదలు, కొబ్బరి కొమ్ము పురుగు గ్రబ్బులు (పిల్ల పురుగులు) దీని ప్రధాన లక్ష్యాలు. బ్రెజిల్‌లో చెరకును పీల్చే నురుగు పురుగుల మీద దీన్ని చాలా విస్తారంగా వాడుతున్నారు.

మెటారైజియం రైలీ: పాత పేరు నొమూరియా. లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, కత్తెర పురుగు వంటి గొంగళి దశల మీద పనిచేస్తుంది.

లెకానిసిల్లియం లెకానీ: రైతులకు తెలిసిన పేరు వర్టిసిల్లియం. పొలుసు పురుగులు, పేనుబంక, తెల్లదోమల మీద వాడతారు.

ఐసేరియా ఫ్యూమోసోరోసియా: తెల్లదోమల మీద ప్రభావవంతమైనది.

హిర్సుటెల్లా థాంప్సనీ: కీటకాల కంటే నల్లుల మీద ఎక్కువగా పనిచేస్తుంది. కొబ్బరి కాయలను ఆశించే ఎరియోఫిడ్ నల్లి నివారణకు మన దేశంలో దీన్ని అభివృద్ధి చేశారు.

తెలుగు నేలపై

మందేమీ చల్లకుండానే ఈ శిలీంధ్రాల పనిని వానాకాలపు చేలల్లో కళ్లారా చూడవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో వేరుశనగ, సోయాచిక్కుడు ఆకులకు అతుక్కుని చచ్చిన లద్దె పురుగులు కనిపిస్తాయి. ముందు వాటిమీద తెల్లని బూజు కమ్ముతుంది, తర్వాత అది లేత ఆకుపచ్చ పొడిగా మారుతుంది. ఇది మెటారైజియం రైలీ పని. ఇలాంటి పురుగులు విరివిగా కనిపిస్తున్న చేలో హడావుడిగా శిలీంధ్రనాశక మందు కొడితే సహజంగా అందుతున్న సాయాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

కొబ్బరి తోటల్లో మరో ఉదాహరణ ఉంది. మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పెంటకుప్పల్లో, ఎరువు గుంటల్లో, కుళ్లిన మొద్దుల్లో గుడ్లు పెడుతుంది. గ్రబ్బులు అక్కడే నెలల తరబడి పెరుగుతాయి. ఆ గుంటల్లో మెటారైజియం కలిపితే తేమ, నీడ రెండూ సహజంగానే దొరుకుతాయి. రోగం సోకిన గ్రబ్బు మీద మొదట గోధుమ రంగు మచ్చలు పడతాయి, చచ్చాక అది బిగుసుకుపోయి పచ్చని పొడితో నిండిపోతుంది. పెద్ద పురుగు చెట్టెక్కకముందే దాని పుట్టుకచోటనే అడ్డుకోవడం ఈ పద్ధతి బలం.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరినీ ఆశించింది. అది విసర్జించే తేనెబంక మీద నల్లని మసి పెరిగి ఆకులు మాడినట్టు కనిపిస్తాయి. దీనిపై బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఐసేరియా ఫ్యూమోసోరోసియా రకాన్ని వెలుగులోకి తెచ్చింది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దాన్ని రైతులకు చేరువ చేసింది. ఈ దోమను తినే ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి తోటల్లోనే ఉంటుంది కాబట్టి రసాయన మందులు చల్లవద్దని శాస్త్రవేత్తలు గట్టిగా చెబుతున్నారు.

మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగు 2018లో మన దేశంలో అడుగుపెట్టాక దాని నివారణ సిఫారసుల్లోనూ శిలీంధ్రాలు చేరాయి. విత్తిన 15 నుంచి 25 రోజుల మధ్య లీటరు నీటికి 5 గ్రాముల మెటారైజియం అనైసోప్లియే కలిపి సుడిలో పడేలా పిచికారీ చేయాలి. అవసరాన్ని బట్టి పది రోజుల ఎడంతో మరో ఒకటి రెండుసార్లు చేయాలి.

తయారీ, నాణ్యత

బియ్యం లేదా జొన్న నూకలను ఉడికించి, ఆవిరి ఒత్తిడితో క్రిమిరహితం చేసి, వాటిమీద శిలీంధ్రాన్ని పెంచుతారు. సుమారు రెండు వారాల్లో గింజల నిండా బీజాలు ఏర్పడతాయి. వాటిని జల్లించి టాల్క్ పొడిలో గానీ నూనెలో గానీ కలుపుతారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ తయారీలో శిక్షణ ఇస్తోంది.

మన దేశంలో ఇవీ 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం పరిధిలోకే వస్తాయి. గ్రాము పొడిలో మొలకెత్తగల సిద్ధబీజాలు కనీసం 10 కోట్లు ఉండాలి. మనిషికి రోగం తెచ్చే బాక్టీరియా ఉండకూడదు. బజారులో నాసిరకం సరుకూ దొరుకుతుంది కాబట్టి ప్యాకెట్ మీద నమోదు సంఖ్య, బీజాల సంఖ్య, తయారీ తేదీ, గడువు చూసే కొనాలి. ఇంటికి తెచ్చాక ఎండ తగలని చల్లని చోట దాచాలి.

పొలంలో వాడే పద్ధతి

ఈ పొడిని విత్తనంతో సమానంగా చూడాలి: మొలవడానికి అనువైన వేళా, చోటూ కల్పించాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బీజాలు కొద్ది గంటల్లోనే చచ్చిపోతాయి. అందుకే సాయంత్రం పిచికారీ చేయాలి. పంట తడిగా, నేల తేమగా ఉన్నప్పుడు ఫలితం బాగుంటుంది. 25 నుంచి 28 డిగ్రీల వేడి వీటికి అనుకూలం. 35 డిగ్రీలు దాటితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, కాబట్టి మన వేసవి వీటి కాలం కాదు. పురుగు చిన్న దశలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. శిలీంధ్రనాశక మందులతో కలపకూడదు, వాటికీ దీనికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఉంచాలి.

మిడతల దండుపై పోరు

1980ల చివర ఆఫ్రికాను ముంచెత్తిన ఎడారి మిడతల దాడి తర్వాత లుబిలోసా అనే అంతర్జాతీయ పరిశోధన పథకం 1989లో మొదలైంది. నైజర్‌లో ఒక మిడత నుంచి సేకరించిన మెటారైజియం అక్రిడమ్ రకంతో గ్రీన్ మజిల్ అనే ఉత్పత్తి తయారైంది. నీటికి బదులు నూనెలో కలపడంతో పొడి వాతావరణంలోనూ బీజాలు మొలకెత్తగలిగాయి. హెక్టారుకు 50 గ్రాముల బీజాలు సరిపోతాయి. మిడతలు ఎండలో నిలబడి ఒంటి వేడి పెంచుకుని శిలీంధ్రాన్ని నెమ్మదింపజేస్తాయి, కాబట్టి చావుకు రెండు మూడు వారాలు కూడా పట్టవచ్చు. 2009లో టాంజానియాలో ఎర్ర మిడతల మీద, 2020లో సోమాలియాలో ఎడారి మిడతల మీద ఈ శిలీంధ్రాన్ని ప్రయోగించారు. పశువులు మేసే చోట, నీటి పక్కన రసాయనాల బదులు దీన్ని వాడగలగడం పెద్ద ఊరట.

భద్రత, పరిమితులు

వీటిలో చాలా రకాలు మనిషి ఒంటి వేడి వద్ద సరిగా పెరగలేవు. అయినా పొడిని పీలిస్తే అలర్జీ రావచ్చు, కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అక్షింతల పురుగు వంటి మిత్ర కీటకాలకూ కొంత ముప్పు ఉంటుంది. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త పట్టుపురుగుల విషయంలో తీసుకోవాలి. బస్సీ చూసిన రోగమే మన రేషం రైతులు సున్నపుకట్టు అని పిలిచే రోగం. హిందూపురం, మదనపల్లె వంటి పట్టు ప్రాంతాల్లో మల్బరీ తోటల దగ్గర, పురుగుల పెంపక గదుల చుట్టుపక్కల బవేరియా వాడకూడదు.

కొత్త పరిశోధనలు

ఈ శిలీంధ్రాలు మొక్కలతోనూ బంధం పెంచుకుంటాయని ఇటీవలి పరిశోధనలు చూపాయి. బవేరియా మొక్కజొన్న లోపల నివసించగలదు. మెటారైజియం తాను చంపిన పురుగులోని నత్రజనిని వేళ్ల ద్వారా మొక్కకు అందించగలదని 2012లో వెల్లడైంది. పంటలకు ఆవల, 2019లో బుర్కినా ఫాసోలో జన్యుమార్పిడి చేసిన మెటారైజియంతో, వలలు కప్పిన ఆవరణలో, మలేరియా దోమల సంఖ్యను 45 రోజుల్లో 99 శాతం తగ్గించారు.

తీవ్రంగా విజృంభించిన పురుగును ఒక్క రోజులో ఆపడం శిలీంధ్రాల వల్ల కాదు. పురుగు ఉనికిని మొదట్లోనే పసిగట్టి, తేమ చూసుకుని, నాణ్యమైన సరుకును సాయంత్రం వేళ చల్లే రైతుకు ఇవి నమ్మదగిన అండ. సమగ్ర సస్యరక్షణలో వీటి స్థానం అదే. అలా వాడినప్పుడు ఇవి నేలలోనూ నీటిలోనూ విషం మిగల్చవు.