తోమి మెరిపించాలా, ఉన్నదున్నట్టు దాచాలా?

ఒకసారి మా బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టాం. ఒక పిల్లవాడు ఇంటి నుంచి ఇత్తడి ఏనుగు బొమ్మ తెచ్చాడు. నల్లబడిందని ఇసుక, చింతపండు వేసి తోమించాం. బొమ్మ మెరిసింది. కానీ ఒంటి మీది సన్నని తీగల అల్లిక గీతలు పడి అరిగింది. అది చూసిన పెద్దాయన ఒకరు, "నలుపుతోపాటు తాతల చేతిపని కూడా పోయింది కదా సారూ" అన్నారు. ఆ తప్పు మాదే.

జైనూరు మండలం ఉషేగాంలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు ఎలా చేస్తారో తెలిస్తే ఆ మాట అర్థమవుతుంది. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందుకే అచ్చంగా అలాంటిదే ఇంకొకటి రాదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా మన ఇళ్లలోని పాత బొమ్మలు తూకం లెక్కన పాత సామాన్ల బండి ఎక్కుతూనే ఉన్నాయి.

నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులనే చూడండి. మాసిన అక్షరాల మీద ఎవరైనా కలంతో దిద్ది ఉంటే, మనం చదివేది దిద్దినవాడి రాతనే. పాత కాగితం జోలికి పోకుండానే లిపిని బతికించవచ్చు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు దానిని కంప్యూటర్‌లోనూ రాయవచ్చు.

అయితే అన్నింటికీ ఒకే సూత్రం పనికిరాదు. దండారిలో మోగాల్సిన డోలుకు తోలు చినిగితే కొత్తది వేయాల్సిందే. మోగని డోలును గోడకు తగిలిస్తే ఆట ఆగిపోతుంది. వాడుకలో ఉన్నదాన్ని, ఆ పని తెలిసిన మనవాళ్ల చేతనే బాగుచేయించాలి. వాడుక ఆగినదాన్ని మార్చకుండా దాచాలి. దేవుడి వస్తువైతే ఆ గోత్రం పెద్దలు చెప్పినట్టే చేయాలి.

పిల్లలూ, దాచడం పెద్ద ఖర్చు పని కాదు. పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడవండి. చెమ్మ తగలనివ్వకండి. ఫోటో తీసి, ఎవరిది, ఏ ఊరిది, దేనికి వాడేవారో పెద్దలనడిగి నోటుపుస్తకంలో రాయండి. వస్తువు అరిగితే కొంత చరిత్ర పోతుంది. దాని కథ తెలిసిన ముసలమ్మను అడగకపోతే మొత్తం పోతుంది.