సమాధానపరచబడుట (క్రైస్తవ సిద్ధాంతము)

పాపము వలన దేవునికి దూరమైన మానవుడు యేసుక్రీస్తు మరణ పునరుత్థానముల ద్వారా తిరిగి ఆయనతో సంబంధము పొందుటను క్రైస్తవులు సమాధానపరచబడుట అంటారు.

పదము

వాడుక తెలుగులో సమాధానము అనగా జవాబు. తెలుగు బైబిలులో ఇదే పదమునకు శాంతి అనీ, విరోధము తీరి కలిసిపోవుట అనీ అర్థములున్నాయి. దీనికి మూలమైన గ్రీకు పదము "కటల్లగే". మొదట దీనికి మార్పిడి అని అర్థము. తరువాత శత్రుత్వము స్నేహముగా మారుట అనే అర్థము వచ్చింది.

బోధ

పౌలు రోమా 5, 2 కొరింథీ 5 అధ్యాయములలో దీనిని వివరించాడు. ఇందులో ముందడుగు దేవునిదే. లూకా 15లోని తప్పిపోయిన కుమారుని కథలో కొడుకు ఇంకా దూరముగా ఉండగానే తండ్రి పరుగెత్తి ఎదురు వెళతాడు. పెద్ద కొడుకు మాత్రము కోపగించి ఇంటిలోనికి రానంటాడు. మత్తయి 5 ప్రకారము, అర్పణకు ముందు సహోదరునితో సమాధానపడవలెను. కనుక తోటివారితో వైరము నిలుపుకొని దేవునితో మాత్రమే సమాధానపడుట కుదరదు.

ఆచరణ

కథోలికులు పాపసంకీర్తనము అనే సంస్కారములో గురువు ద్వారా క్షమాపణ పొందుతారు. ప్రొటెస్టంట్లు పశ్చాత్తాపముతో నేరుగా దేవుని ప్రార్థిస్తారు.

చిత్తూరు ప్రాంతములో

1853లో ఏర్పడిన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, మదనపల్లె ప్రాంతములలో సంఘములను నెలకొల్పింది. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర శాఖలు ఏకమై 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో ఇవి కూడా చేరాయి. శాఖాభేదములు ఇలా కొంత తీరినా, సంఘములలో మిగిలిన కులభేదములు ఈ బోధకు నేటికీ పరీక్షగానే ఉన్నాయి.