తుపాకీ పెట్టెకు తాళం ఎవరి కోసం?

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో పేరున్న తుపాకుల దుకాణాలు సరుకుతోపాటు దానికో పెట్టెనూ తయారుచేసి ఇచ్చేవి. ఓక్ చెక్క చట్రం, పైన దళసరి తోలు, మూలలకు ఇత్తడి బిళ్లలు, లోపల ఎర్రటిదో ఆకుపచ్చదో ఉన్ని గుడ్డ. మూత లోపలివైపు దుకాణం పేరు అచ్చువేసిన కాగితం అతికించేవారు. ఇంగ్లిష్ పనివాళ్లు లోపల తిన్నటి అడ్డపలకలు పెట్టి అరలు కట్టేవారు. ఫ్రెంచివాళ్లేమో తుపాకీ ఒంపుల ప్రకారం గుంటలు తొలిచి, ఏ భాగాన్ని ఆ భాగపు గుంటలోనే పొదిగేవారు. ఇవాళ ఫోమ్‌ను రైఫిల్ ఆకారంలో కోసి అందులో ఇమిడ్చే పద్ధతి ఆ ఫ్రెంచి పనితనం కొనసాగింపే. వాడేవాళ్లలో ఎందరికి ఆ సంగతి పడుతుందనేది వేరే మాట.

పెట్టె పొడవు తగ్గడానికి కారణం తుపాకీలోనే వచ్చిన మార్పు. 1830లలో పారిస్‌లో కాసిమీర్ లెఫోషూ మధ్యకు వంచి వెనకనుంచి తూటా పెట్టే తుపాకీని రూపొందించాడు. ఆ దారిలో వచ్చిన తుపాకుల్లో గొట్టాలను, చెక్క బట్టును క్షణాల్లో విడదీయవచ్చు. రెంటినీ పక్కపక్కన పడుకోబెడితే చాలు, గొట్టం పొడవే పెట్టె పొడవు. అప్పటికి ఆ పెట్టెకున్న శత్రువులు తేమ, ఉప్పుగాలి, చెదలు. అందుకే ఇండియాకు, తూర్పు ఆఫ్రికాకు వచ్చే పెట్టెల్లో లోపల తగరపు రేకు అస్తరు వేయించుకునేవారు. మన సంస్థానాధీశులు ఆ దుకాణాలకు మంచి ఖాతాదారులు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి షికార్ల కథలు హైదరాబాదు పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కాలపు ప్రయాణానికి థియొడర్ రూజ్వెల్ట్ యాత్రను మించిన ఉదాహరణ లేదు. అధ్యక్ష పదవి దిగిన కొద్ది రోజులకే, 1909 మార్చి 23న, ఆయన న్యూయార్క్‌లో ‘హాంబర్గ్’ ఓడ ఎక్కాడు. నేపుల్స్‌లో ఓడ మారి ఏప్రిల్ 21న మొంబాసాలో దిగాడు. వెంట ఒక స్ప్రింగ్‌ఫీల్డ్, ఒక .405 వించెస్టర్, ఇంగ్లండ్‌లోని అభిమానులు కానుకగా ఇచ్చిన హాలండ్ అండ్ హాలండ్ జంటగొట్టాల రైఫిల్ ఉన్నాయి. ఓడలో సామాను బరువును పట్టించుకునేవాడు లేడు. అసలు లెక్క రేవు దాటి అడవిదారి పట్టాక మొదలయ్యేది. తూర్పు ఆఫ్రికాలో ఒక కూలీ తలకెత్తుకునే మోత సుమారు 60 పౌన్లు, అంటే 27 కిలోలు. పెట్టెలన్నీ ఆ కొలతకు లోబడాల్సిందే. నేటి విమాన సంస్థలు మామూలు సామానుకు ఇచ్చే 23 కిలోలకన్నా ఆ తల ఉదారమైనదని ఒప్పుకోవాలి. అయితే ఆ ఉదారత వెనక ఉన్నది వలస పాలన.

ఆ తర్వాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ వేటకు రాజైంది. 1898 నాటి మౌజర్ నమూనాలో గొట్టం, యంత్రభాగం బిగించి ఉంటాయి, జంటగొట్టాల తుపాకీలా చేత్తో ఊడదీసే వీలుండదు. పెట్టె మళ్లీ నాలుగడుగులకు సాగింది. దానికి తోడు స్కోపు వచ్చింది. 1930లో అమెరికాలో విలియం వీవర్ తక్కువ ధర టెలిస్కోపును అమ్మకానికి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్కోపు లేని వేట రైఫిల్ అరుదైపోయింది. నా దృష్టిలో పెట్టె చరిత్రలో మొదటి పెద్ద మలుపు ఇదే. తుప్పు నెలల్లో పడుతుంది, కంటికి కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది. స్కోపుకు తగిలిన దెబ్బ కనిపించదు. గురి వెంట్రుకవాసి జరిగినా రెండు వందల గజాల దూరంలో తూటా జానెడు పక్కకు పోతుంది. జంతువు చావదు, గాయపడి పొదల్లోకి పారిపోతుంది. ఆ తర్వాత దాని వెంట పడేది వేటగాడి పనే. తోలుపెట్టె గీతలు పడకుండా చూడగలదు కానీ ఈ దెబ్బను ఆపలేదు.

దెబ్బల కాలం విమానంతో వచ్చింది. 1952 మే 2న బ్రిటిష్ విమాన సంస్థ బీవోఏసీ వారి కామెట్ విమానం లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు జెట్ ప్రయాణాలు ప్రారంభించింది. వారాల దూరం ఒక్క రోజుకు కుదించుకుపోయింది. కానీ ఓడలో యజమాని గదిలో ఉండే పెట్టె ఇప్పుడు ఎవరెవరి చేతుల్లోనో పడి, బెల్టుల మీద దొర్లి, పొట్టభాగంలోకి చేరింది. జవాబుగా అల్యూమినియం వచ్చింది. చమురు వ్యాపారి ఎర్ల్ హాలిబర్టన్ అప్పటికే, 1938లో, టెక్సస్ దుమ్ములో బట్టలు పాడవుతున్నాయని లోహపు సూట్‌కేసు చేయించుకున్నాడు. 

1976లో కాలిఫోర్నియాలో డేవ్ పార్కర్ తన గరాజ్‌లో మొదలుపెట్టిన పెలికన్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలకు పేరు తెచ్చింది. మూత అంచున రబ్బరు వలయం ఉంటుంది, నీరు చొరదు. అయితే గాలి కూడా చొరకపోతే చిక్కే. విమానం లోపలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలికి సమానం. పైన మూసుకుపోయిన పలుచటి గాలితో పెట్టె నేలకు దిగితే, బయటి గాలి మూతను అదిమేసి ఎంత లాగినా రానివ్వదు. అందుకే నీటిని ఆపి గాలిని మాత్రం వదిలే చిన్న వాల్వు పెట్టారు. ఈ పెట్టెల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అదే.

రెండో మలుపు పనివాళ్ల చేతుల్లో జరగలేదు. 1960లు, 70ల మొదట్లో విమానాల హైజాకింగులు పెరిగాక, 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రయాణికులందరినీ తనిఖీ చేయడం మొదలైంది. 2001 తర్వాత నియమాలు మరింత బిగిశాయి. గట్టి పెట్టె, తూటాలు తీసేసిన తుపాకీ, కౌంటరు దగ్గర ముందుగా చెప్పడం, తాళం చెవి ప్రయాణికుడి దగ్గరే ఉండడం. ఒక మూల ఎత్తి చూస్తే వేలు దూరే పెట్టెను ఒప్పుకోరు. తుపాకీ కొన్నప్పుడు వచ్చిన డబ్బా సరిపోకపోవచ్చని అక్కడి విమాన భద్రతా అధికారులే హెచ్చరిస్తారు. తూటాలు సాధారణంగా మనిషికి 5 కిలోలు మించరాదు. శతాబ్దం పాటు తుపాకీని లోకం నుంచి కాపాడిన తాళం, ఇప్పుడు లోకాన్ని తుపాకీ నుంచి కాపాడుతోంది.

ఇక్కడే కొనుగోలుదారులు తరచూ తడబడతారు. భద్రతా సిబ్బంది మాస్టర్ చెవితో తెరవగలిగే సూట్‌కేసు తాళాలు 2003 నుంచి అమ్ముతున్నారు. ఆ చెవుల ఫోటో 2014లో ఒక అమెరికన్ దినపత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాది నకలు చెవుల నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. రైఫిల్ పెట్టెకు అలాంటి తాళం వేయడం నాకైతే తెలివితక్కువగా కనిపిస్తుంది. మామూలు గట్టి తాళాలు, ఎన్ని రంధ్రాలుంటే అన్ని, వేసుకోవడం మేలు.

మిగిలింది బరువు లెక్క. రెండు రైఫిళ్లు పట్టే ప్లాస్టిక్ పెట్టె ఖాళీగానే 11 కిలోలకు పైన తూగుతుంది. స్కోపులతో రెండు రైఫిళ్లు మరో 9. ఇక 23 కిలోల గీతకు ముందు ఒక జత బూట్లకు చోటుంటుందేమో. పెలికన్ 2016లో తేలిక రకాన్ని తెచ్చిందంటే ఈ లెక్కే కారణం. కాగితాలకు బరువు లేదు కానీ అవి లేకపోతే పెట్టె కదలదు. అమెరికన్ బయల్దేరేముందు కస్టమ్స్ వారి 4457 పత్రం తీసుకోవాలి, దక్షిణాఫ్రికాలో దిగాక పోలీసుల 520 పత్రం నింపాలి. రెంటిలోనూ తుపాకీ మీది నంబరు సరిపోవాలి.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముగిసింది. హైదరాబాదు నుంచి రైఫిల్ పెట్టెతో విదేశీ విమానం ఎక్కేది ఎక్కువగా క్రీడాకారులే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఆ కోవకు చెందినవారు.

ఆఫ్రికా వెళ్లే వేటగాళ్లలో కొందరు ఇప్పుడు విడదీసే రైఫిళ్లకు మళ్లుతున్నారు. జర్మనీ వారి బ్లేజర్ ఆర్8 గొట్టం ఊడుతుంది, స్కోపు తీసి పెట్టినా దాదాపు పాత గురికే వస్తుంది, పెట్టె మామూలు సూట్‌కేసు పొడవులో ఒదుగుతుంది. అయినా అనుభవజ్ఞులు శిబిరం చేరగానే చేసే మొదటి పని ఒక అట్టముక్క నిలబెట్టి రెండు మూడు తూటాలు పేల్చి గురి చూసుకోవడం. పెట్టె వెల ఎంతైనా ఈ పని తప్పదు. ఇంత తతంగం వద్దనుకునేవాళ్లు రైఫిల్‌ను ఇంట్లోనే వదిలేసి, శిబిరంలో అద్దెకు తీసుకుంటున్నారు.