తెట్టు వేరు, పొంగు వేరు: ‘డెస్ప్యుమేషన్’ అర్థంపై ఒక పరిశీలన

డెస్ప్యుమేషన్ అంటే నిఘంటువుల ప్రకారం నురగ తీయడం. లాటిన్‌లో స్పూమా అంటే నురగ. ముందున్న ‘డె’ తొలగింపును చెబుతుంది. ఇంగ్లీషు ఫోమ్, పచారీ కొట్లో అడిగే సముద్రఫేనంలోని ఫేనం కూడా స్పూమాకు దాయాదులే. మన నురుగుది మాత్రం వేరే వంశం. అది తమిళ నురై, కన్నడ నొరెల తోబుట్టువు.

వ్యుత్పత్తి ఇంతవరకే ఉపయోగపడుతుంది. ప్రయోగం చూస్తే అర్థం ఇంకాస్త బిగుస్తుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో వర్జిల్ తన వ్యవసాయ కావ్యం ‘జార్జిక్స్’లో ఈ క్రియను వాడింది ద్రాక్షరసం కాచే సందర్భంలో. పైకి తేలినదాన్ని అక్కడ ఆకులతో తీసేస్తారు. బెల్లం వంట చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

బెల్లం పెనంలో నురగ రెండుసార్లు వస్తుంది. చెరకు రసానికి సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. పీహెచ్ 5కు కాస్త పైన. సున్నపుతేట పోసి వేడిచేస్తే ఆమ్లం తగ్గుతుంది, మాంసకృత్తులు విరిగి గడ్డకడతాయి, పీచునూ మట్టినీ పట్టుకుని గాలిబుడగలతో పైకి లేస్తాయి. బెండమొక్క జిగురు పోస్తే ఇంకా గట్టిగా కూడుకుంటాయి. మురికిరంగులో దళసరిగా కట్టిన ఆ తెట్టును చిల్లుల గరిటెతో ఎత్తేస్తారు. డెస్ప్యుమేషన్ ఇదే.

రెండోది పాకం చిక్కబడ్డాక వచ్చే పొంగు. దాన్నెవరూ ఎత్తి పారబోయరు. ఎత్తితే పోయేది బెల్లమే. నాలుగు చుక్కల ఆముదం పడితే బుడగల పొర తెగి అణిగిపోతుంది. దీన్ని కూడా ‘నురగ తొలగింపు’ అనడం నా దృష్టిలో పొరపాటు. ఇక్కడ అణచేది నురగను, అక్కడ తీసేది మురికిని. నురగ దానికి వాహనం మాత్రమే.

సున్నం, గంధకపు పొగ వాడే చక్కెర మిల్లుల్లో అదే మురికి తేలదు. తొట్టి అడుగున మడ్డిగా దిగుతుంది. రైతులు దాన్ని ఎరువుగా తోలుకుంటారు. రసం శుద్ధయినా దాన్ని డెస్ప్యుమేషన్ అనలేం.

తేనె సంగతీ అంతే. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం అడవుల్లో చెంచులు తీసే తేనెను గుడ్డలో వడకడితే అది వడపోత. పాత యూరప్ మందుల గ్రంథాల్లోని ‘మెల్ డెస్ప్యుమేటం’ కావాలంటే మాత్రం తేనెను వేడిచేసి, పైన పొరకట్టిన మైనాన్నీ పుప్పొడినీ ఎత్తెయ్యాలి.