చైనా ప్రభుత్వ పెట్టుబడిదారీ విధానం

ధరలను చాలావరకు బజారుకు వదిలి, లాభార్జనను అనుమతిస్తూనే బ్యాంకులు, భూమి, ఇంధనం, ఉక్కు వంటి కీలక రంగాలపై ప్రభుత్వం పట్టు నిలుపుకునే విధానమిది. చైనాలో ఇది 1978 తర్వాత రూపుదిద్దుకుంది. కమ్యూనిస్టు పార్టీ 1992 నుంచి దీన్ని ‘సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ’ అంటోంది. మూడు దశాబ్దాల పాటు ఏటా సగటున 10 శాతం దరిదాపుల్లో వృద్ధి సాగడంతో దీని లోపాలు చాలాకాలం లెక్కల మాటునే ఉండిపోయాయి.

1978 డిసెంబరులో పార్టీ కేంద్ర కమిటీ సమావేశం పార్టీ నేత డెంగ్ జియావోపింగ్ సంస్కరణలకు దారి తెరిచింది. తొలి చిక్కు ధరల దగ్గర వచ్చింది. 1980లలో ఒకే సరుకుకు ప్రభుత్వ కోటా ధర ఒకటి, బజారు ధర మరొకటి. కోటా రాయించుకోగల పలుకుబడి ఉన్నవాళ్లు బయట అమ్ముకుని బాగుపడ్డారు. 1988లో ధరలు 18 శాతానికి పైగా పెరిగాయి. మరుసటి ఏడాది తియనాన్మెన్ ఆందోళన వెనుక ప్రజాస్వామ్య కాంక్షతో పాటు ఈ అక్రమార్జనపై, ధరల పెరుగుదలపై కోపం కూడా ఉంది.

ప్రభుత్వ ఫ్యాక్టరీల సంగతి ఇంకా జటిలం. కార్మికులకు ఇల్లు, వైద్యం, పిల్లల చదువు అన్నీ అవే చూడాలి. నష్టం వస్తే పైవాళ్ల మాట మీద ప్రభుత్వ బ్యాంకు అప్పిచ్చేది. ఎంత నష్టపోయినా ఆదుకుంటారన్న ధీమా సోషలిస్టు సంస్థలను ఎలా పాడుచేస్తుందో హంగరీ ఆర్థికవేత్త యానోష్ కొర్నాయ్ అప్పటికే విశ్లేషించాడు. 1997లో పార్టీ ‘పెద్దవి పట్టుకో, చిన్నవి వదిలెయ్’ విధానాన్ని ఖాయం చేసింది. ప్రధాని జూ రోంగ్జీ హయాంలో రెండున్నర కోట్లకు పైగా కార్మికుల ఉద్యోగాలు పోయాయి. షెన్‌యాంగ్ వంటి ఈశాన్య పారిశ్రామిక నగరాలు ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదు.

ఫ్యాక్టరీలు మూతపడినా వాటి బాకీలు బ్యాంకుల మెడకు చుట్టుకునే ఉన్నాయి. 1999లో నాలుగు ఆస్తి నిర్వహణ సంస్థలను పెట్టి, సుమారు 1.4 లక్షల కోట్ల యువాన్ల మొండి బకాయిలను ఖాతాల్లో రాసిన విలువకే వాటికి బదలాయించారు. బదులుగా బ్యాంకులకు దక్కినవాటిలో ఎక్కువ భాగం ఆ సంస్థల బాండ్లే. అంటే నష్టం తీరలేదు, ఖాతా మారింది. ఆ నాలుగింటిలో ఒకటైన హువారోంగ్ పాత బాకీల వసూలుతో ఆగకుండా కొత్త అప్పులిచ్చే వ్యాపారంలోకి దిగింది. దాని ఛైర్మన్ లాయ్ షియావోమిన్ 178 కోట్ల యువాన్లకు పైగా లంచాలు తీసుకున్నట్టు తేలడంతో 2021 జనవరిలో మరణశిక్ష అమలైంది. 2020 సంవత్సరానికి సంస్థ చూపిన నష్టం 10,000 కోట్ల యువాన్లు దాటింది. మొండి బకాయిలు ఊడ్చడానికి పుట్టిన సంస్థను కాపాడటానికి మళ్లీ ప్రభుత్వ సంస్థలే డబ్బు పోయాల్సి వచ్చింది.

2003లో కేంద్ర ప్రభుత్వ పెద్ద సంస్థల యాజమాన్యాన్ని ఒక ప్రత్యేక కమిషన్‌కు అప్పగించారు. అప్పుడు 196 సంస్థలుండగా, విలీనాల వల్ల ఆ తర్వాత సుమారు వందకు తగ్గాయి. పర్యవేక్షకుడిపై పర్యవేక్షణ మాత్రం కుదరలేదు. చమురు సంస్థ నుంచి వచ్చి 2013లో కమిషన్ అధిపతి అయిన జియాంగ్ జియెమిన్ అదే ఏడాది దర్యాప్తులో చిక్కి, 2015లో 16 ఏళ్ల జైలుశిక్షకు గురయ్యాడు.

2008 ప్రపంచ సంక్షోభంలో ప్రకటించిన 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపనతో అప్పుల భారం స్థానిక ప్రభుత్వాలకు చేరింది. నేరుగా అప్పు చేయడానికి అప్పట్లో చట్టం ఒప్పుకోనందున అవి కంపెనీలు పెట్టి, భూమిని చూపి అప్పులు తెచ్చాయి. భూమి అమ్మకాలే ఆదాయమైనప్పుడు ఇళ్ల ధరలు తగ్గాలని ఏ నగరపాలక సంస్థ కోరుకుంటుంది? 2020లో రియల్ ఎస్టేట్ కంపెనీల అప్పులకు కేంద్రం హద్దులు గీసింది. 30,000 కోట్ల డాలర్ల మేర బాకీలున్న ఎవర్‌గ్రాండ్ 2021లో చెల్లింపులు ఎగవేసింది. భూముల ఆదాయమూ పడిపోయింది.

ప్రైవేటు రంగంతో సంబంధం ఎన్నడూ స్థిరపడలేదు. 2013లో పార్టీ ఒకే తీర్మానంలో మార్కెట్‌ది నిర్ణాయక పాత్ర అంది, ప్రభుత్వ యాజమాన్యానిదే ప్రధాన స్థానమనీ అంది. 2020 నవంబరులో ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ యాంట్ గ్రూప్ షేర్ల జారీ నియంత్రణ సంస్థల జోక్యంతో ఆఖరి క్షణంలో ఆగిపోయింది. 2021లో ఈ-కామర్స్ సంస్థ అలీబాబాపై 1,820 కోట్ల యువాన్ల జరిమానా పడింది. పెట్టుబడిదారులు జంకాక, 2025లో ప్రైవేటు రంగ ప్రోత్సాహానికి చట్టం తెచ్చారు. అంతకుముందే, 2024 నవంబరులో, స్థానిక ప్రభుత్వాల దాగిన అప్పులను అధికారిక బాండ్లుగా మార్చేందుకు 10 లక్షల కోట్ల యువాన్ల ప్రణాళికను ప్రకటించారు. 1999లో బ్యాంకులకు చేసినట్టే ఇక్కడా వడ్డీ తగ్గింది, గడువు పెరిగింది, అసలు అలాగే ఉంది.