గొంతునొప్పియు గుండెజబ్బును

పిల్లలకు గొంతునొప్పి వచ్చుట మనము తఱచుగా చూచుచున్నదే. రెండు మూడు దినములలో అది తగ్గును. తల్లి మఱచును, బిడ్డయు మఱచును. మఱి రెండు మూడు వారములకు జ్వరము తగిలి, మోకాలు వాచి, ఆ వాపు ఒక కీలునుండి మఱియొక కీలునకు ప్రాకినచో, దానిని వెనుకటి గొంతునొప్పితో ముడిపెట్టుట మనలో ఎవరికి తోచును? వైద్యులకే శతాబ్దములపాటు తోచలేదు.

కీళ్లజ్వరమునకును హృద్రోగమునకును గల బంధుత్వము ముందుగా తెలిసినది. 1812లో లండను నగరమున వెల్స్ దానిని గూర్చి వ్రాసిరి. 1830 తరువాత పారిస్‌లో బూయో, స్టెతస్కోపుతో రోగుల గుండెలను ఆలకించి, కవాటములు చెడుటను రూఢిపఱచిరి. కాని ఆ గుండెలో వెదకినను, ఆ కీళ్లలో వెదకినను సూక్ష్మజీవి దొరకదు. ఇల్లు దోపిడియైనది, దొంగ మాత్రము లేడు!

దొంగ జాడ గొంతులో దొరికినది. 1931లో న్యూయార్కులో కోబర్న్, ఈ జ్వరమునకు ముందు స్ట్రెప్టోకోకస్ గొంతువ్యాధి నడచుచున్నదని చూపిరి. 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ ఆ క్రిములను వర్గములుగా విభజించిరి. మన కథలోనిది ‘ఎ’ వర్గము.

క్రిమి గొంతులో నుండగా కీడు గుండెకేల? శరీరము తన్ను తాను హింసించుకొనుటకు జంకునని 1900 ప్రాంతమున ఎర్లిక్ పండితుడు తలచెను. ఆ జంకు ఎల్లప్పుడు నిలువదని తరువాత తేలినది. ఈ క్రిమి పైపొరలోని ‘ఎం’ ప్రోటీనునకు, మన గుండెకండలోని మయోసిన్‌కు కొంత పోలిక కలదు. క్రిమిని పట్టుటకు బయలుదేఱిన ప్రతిరక్షకములును, టి-కణములను తెల్లకణములును, ఆ పోలికవలన మోసపోయి గుండెనే పట్టుకొనును. అయితే గొంతునొప్పి వచ్చిన అందఱికిని ఈ గతి పట్టదు; కొందఱికి మాత్రమే.

అమెరికాలోని వయోమింగ్ సైనికశిబిరమున 1949లో ఆరంభించిన పరీక్ష ప్రసిద్ధము. గొంతువ్యాధి గల సైనికులలో సుమారు 800 మందికి పెన్సిలిన్ ఇచ్చిరి. దాదాపు అంతమందికి ఇయ్యలేదు. మందు లేనివారిలో 17 గురికి కీళ్లజ్వరము వచ్చినది. మందు పొందినవారిలో ఇద్దఱికే. ఇయ్యకుండుట ఇప్పటి మనస్సులకు కొంత నొచ్చును. కాని నేటికిని పిల్లల గుండెలను కాచుచున్నది ఆ నాటి లెక్కయే. ఒకమాఱు జ్వరము వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకమాఱు ఏండ్ల తరబడి పెన్సిలిన్ సూది వేయించుట మన దేశమున నేటికిని అనేక కుటుంబములకు తప్పని పని.

టీకా ఒకటి యున్నచో ఈ బాధ లేకపోవునుగదా! యత్నించిరి. 1969లో అమెరికాలో, టీకా పొందిన పిల్లలలో కొందఱికి ఆ జ్వరమే వచ్చినట్లు ప్రకటితమైనది. 1979లో అట్టి టీకాలను ప్రభుత్వము నిషేధించెను. ఆ నిషేధము 25 ఏండ్లకు పైగా తొలగలేదు. గుండెను పోలిన భాగమును విడిచి, క్రిమిని మాత్రమే చూపు టీకాకై నేటికిని పరిశోధన జరుగుచున్నది.